నౌపడలో పోయిన గాజు ప్లేటు

పెళ్ళయిన రెండో ఏడు నేను కాపురం చేసింది ఇంట్లో కాదు, వ్యానులో. నా మొగుడు, మా మేనబావ, ఫోటోగ్రాఫరు. విజయనగరంలో స్టూడియో పెట్టే స్తోమత లేక, విశాఖలో వేలానికి వచ్చిన ఒక పాత మిలటరీ అంబులెన్సు కొని దాన్నే ఇల్లుగా, స్టూడియోగా మార్చాడు. ముందు సీటు వెనక మా పరుపు, కిరసనాయిలు స్టవ్వు, రెండు ట్రంకుపెట్టెలు. చివర నల్లగుడ్డ తెరలు కట్టిన చీకటి గది. దసరా అయిన దగ్గర్నుంచి వానలు పడేదాకా ఆముదాలవలస నుంచి ఇచ్ఛాపురం వరకూ తిరిగేవాళ్ళం. అరవైల ఆఖరు రోజులవి. ఊళ్ళలో ఫోటో తీయించుకోవడమంటే తలంటు పోసుకుని చేసే పని.

బావకి దొంగలంటే భయం. మా పెళ్ళికి ముందు పార్వతీపురం సంతలో అతని లెన్సు ఎవరో కొట్టేశారట. ఆరు నెలలు పని లేకుండా కూర్చున్నాడు. అందుకే నేను వ్యాను ఎక్కిన మొదటి వారంలో అతను నా వంట ఎలా ఉందో చెప్పలేదు గానీ తాళాలు ఎలా వేయాలో చెప్పాడు. పక్క తలుపుకి రెండు తాళాలు, రెండూ వేరువేరు రకాలు. ఒకటి తీయడం తెలిసినవాడు రెండోదాని దగ్గర ఆగిపోవాలని. బండి ఆపగానే ఇంజనులోంచి రోటరు అనే బొటనవేలంత ముక్క ఊడదీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. అది లేకపోతే బండి స్టార్టు కాదు. ముందు చక్రానికి గొలుసు. తలుపుకి లోపలి వైపు మేక మెడలో కట్టే గంట. లెన్సు గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో, బియ్యం అడుగున. వ్యాను వీపు ఎప్పుడూ ఏదో ఒక గోడకి ఆన్చి ఉండాలి. పని లేకుండా రెండోసారి వచ్చి నిలబడినవాడి ముఖం గుర్తు పెట్టుకోవాలి.

మొదట్లో ఈయనకి పిచ్చి అనుకున్నాను. మూడు నెలలు తిరిగేసరికి నేనే అతన్ని మించిపోయాను. ఎవరైనా ఎదురుపడితే ముందు చేతులు చూసేదాన్ని, ఆ తర్వాతే ముఖం. ఫోటోకి వచ్చిన పెళ్ళివారిలో ఎవరి కళ్ళు ఫోటోకి వెనక కట్టిన బొమ్మల తెర మీద కాకుండా పెట్టెల మీద ఉన్నాయో కనిపెట్టేదాన్ని. ముసలమ్మ దాహం అడిగినా చెంబు బయటికి ఇచ్చేదాన్ని గానీ లోపలికి రానిచ్చేదాన్ని కాదు.

ఆ ఏడు మాఘమాసంలో నౌపడ వెళ్ళాం. రైలు స్టేషనుకి దగ్గరలో, ఒక పాత గోదాము గోడకి ఆన్చి వ్యాను పెట్టాం. ఎదురుగా టీ కొట్టు. కొంచెం దూరంగా ఉప్పు మడులు ఎండకి తళతళలాడుతూ ఉండేవి.

రెండో రోజు గొడుగాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, తెల్ల పంచె, చేతిలో నల్ల గొడుగు, చంకలో గుడ్డ సంచి. ఉప్పు కొఠారులో గుమస్తా అని టీ కొట్టువాడు చెప్పాడు. ఫోటో తీయించుకోడు. వ్యాను చుట్టూ తిరుగుతాడు. వంగి చక్రాల కిందికి చూస్తాడు. మూడో రోజు నన్నే అడిగాడు.

"ఏటమ్మా, ఈ బండిలో ఇద్దరు పడుకోడానికి సోటు సరిపోతాదా?"

"సరిపోతాది," అన్నాను పొడిగా.

"తలుపు లోపల్నించి గడి ఎలగ ఎయ్యడం? బయటికెళ్తే ఎవులు కాస్తారు?"

 ఆ మాట బావకి చెబితే అతను గొలుసు ఇంకో చుట్టు చుట్టాడు. నాలుగో రోజు గొడుగాయన టీ కొట్టు బల్ల మీద కూర్చుని, మా వ్యాను వైపు చూస్తూ పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. నేను చూసేసరికి పుస్తకం మూసేశాడు.

ఆ ఊళ్ళో నేను అనుమానించని మనిషి ఒక్కతే ఉండేది. సముద్రం ఒడ్డు పేట నుంచి చేపలు తెచ్చి అమ్మే మనిషి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు. పొద్దున్నే తట్ట దించి, వ్యాను మెట్టు మీద కూర్చుని, నా చేత చేపలు కడిగించేది కాదు, తనే కడిగి ఇచ్చేది. అక్కని పిలిచినట్టు నేను అప్పా అని పిలిచేదాన్ని. ఇంటి గడప లేని నాకు ఆ కాసేపు ఇల్లున్నట్టు ఉండేది. తాళాల సంగతీ, బియ్యం డబ్బా సంగతీ నవ్వుకుంటూ ఆమెకి చెప్పేశాను. ఒకరోజు ఆమె చీకటి గది వైపు చూసి అడిగింది.

"ఆ పెట్టెలో గాజు పలకలన్నీ ఏటి సెల్లీ?"

"తీసిన ఫోటోల ప్లేట్లు. నంబర్లేసి దాస్తాడు మా బావ. ఒక్కటి కూడా పారీడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ బొమ్మ తియ్యొచ్చు."

"ఎన్నేళ్ళయినానా?"

"ఎన్నేళ్ళయినా."

ఆమె వంగి చేప పొలుసు తీసింది.

ఆ తర్వాత రెండు రోజులకి బావ ఒక పెళ్ళికి కెమెరా, లెన్సు పట్టుకుని ఎడ్లబండి కట్టించుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం నీళ్ళకి స్టేషను దగ్గరి బావికి వెళ్ళాలి. రెండు తాళాలు, గొలుసు, గంట. చేతిలో రెండు బిందెలు. ఆమె మెట్టు మీదే ఉంది.

"ఎళ్ళు సెల్లీ, నానున్నాను కదా," అంది.

వ్యాను ఎక్కిన దగ్గర్నుంచి నేను తలుపు తాళం వేయకుండా వదిలింది ఆ ఒక్కసారే.

నేను తిరిగొచ్చేసరికి ఆమె తట్ట నెత్తికెత్తుకుంటోంది. "పొద్దోయింది, ఎళ్తన్నాను. నాను ఓ నిమిషం కాలవ గట్టుకి ఎల్లొచ్చినాను. ఆ గొడుగాయన ఇటేపే తిరుగుతన్నాడు, సూసుకో," అని చెప్పి గబగబా వెళ్ళిపోయింది.

లోపలికి అడుగుపెట్టగానే కాలికింద గాజు కరకరలాడింది. ప్లేట్ల పెట్టె పక్కకి ఒరిగి ఉంది. రెండు ప్లేట్లు పగిలి నేల మీద పడున్నాయి. కాగితం కవర్లన్నీ చిందరవందర. ట్రంకుపెట్టెలూ బియ్యం డబ్బా కదల్లేదు.  పోయిన వస్తువు కంటే బావ ముఖమే ముందు కళ్ళకి కట్టింది.

సాయంత్రం అతను రాగానే అడిగిన మొదటి మాట, "తాళం ఏసినావా?"

"ఏసినాను," అన్నాను. "రెండూ ఏసినాను."

ఆ అబద్ధం నా నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. బావ తాళాలు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. గీత కూడా లేదు. "అయితే తాళం తియ్యడం వచ్చినోడే. లెన్సు కోసం ఎతికినాడు," అన్నాడు. గొడుగాయన ఇటే తిరిగాడని నేను చెప్పాను. చూసినట్టే చెప్పాను.

బావ నేరుగా టీ కొట్టుకి వెళ్ళాడు. కొఠారు వదిలే వేళ, పదిహేను మంది దాకా ఉన్నారు. నేను వ్యాను తలుపు పట్టుకుని చూస్తున్నాను. బావ ఆయన చంకలోంచి సంచి లాక్కుని బల్ల మీద బోర్లించాడు. కళ్ళజోడు పెట్టె, తమలపాకుల పొట్లం, ఆ పుస్తకం. పుస్తకం తెరిచి అందరికీ ఎత్తి చూపించాడు. మా వ్యాను బొమ్మ. తలుపు, గడి, గొలుసు, రెండు తాళాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పెన్సిలుతో శుభ్రంగా గీసి ఉంది.

"ఇదేటి? తాళాల బొమ్మలు నీకెందుకు?" అని అరిచాడు బావ.

ఆయన పుస్తకం కోసం చెయ్యి చాపాడు. "నా ఇంటిదానికి కాళ్ళు పడిపోనాయి బాబూ. వచ్చే ఏడు రిటైరవుతాను. ఇలాటి బండొకటి కట్టించి సింహాచలం, పూరీ సూపిద్దామని... దొంగలు రాకుండా మీరేటి సేసినారో సూసి గీసుకున్నాను."

ఎవడో పకపకా నవ్వాడు. "గుమస్తాకి బండి ఇల్లట!" ఇంకొకడు కొఠారులో ఉప్పు బస్తాలు కూడా లెక్క చూసుకోవాలన్నాడు. ఆయన సంచిలో వస్తువులు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. గొడుగు విప్పకుండా ఎండలోనే వెళ్ళిపోయాడు.

బావకి కోపం దిగలేదు. నాకు మాత్రం ఆయన 'కాళ్ళు పడిపోనాయి' అన్నప్పటి గొంతు చెవిలో ఉండిపోయింది. అన్నం ముట్టకుండా ప్లేట్లు సర్దడానికి కూర్చున్నాను. ప్లేట్ల నంబర్లు రాసే రిజిస్టరు పక్కన పెట్టుకుని నంబరు వారీగా చూస్తే, ఖాళీ కవర్లు మూడు. నేల మీద పగిలినవి రెండే. గాజు ముక్కలన్నీ అతికి చూశాను. మూడో ప్లేటు లేదు.

లెన్సు కోసం వచ్చినవాడు గాజు ప్లేటు ఒకటి ఎందుకు పట్టుకుపోతాడు?

ఆ నంబరుకి ఎదురుగా టెక్కలి దగ్గరి కార్తీక జాతర అని రాసుంది. ఆ ప్లేటు నాకు తెలుసు. ప్లేట్ల మీద మచ్చలూ గాట్లూ పెన్సిలుతో పూడ్చే పని నాదే. ప్లేటులో నలుపు తెల్లగా, తెలుపు నల్లగా కనిపిస్తుంది, ముఖం పోల్చడం కష్టం. ఆ ప్లేటులో ఒక మగమనిషి, పక్క కుర్చీలో పట్టుచీర కట్టుకుని నవ్వుతున్న ఆడమనిషి. ఎడమ కనుబొమ్మ మీద గాటు. దాన్ని పూడ్చడానికి నాకు ఒక పూట పట్టింది.

మర్నాడు ఆమె ఎప్పటిలాగే వచ్చింది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. తట్ట దించకముందే అడిగాను.

"అప్పా, మూడో పలక నీకాడున్నాదా?"

ఆమె నా వెనక చూసింది. బావ టీ కొట్టు దగ్గర ఉన్నాడు. అప్పుడు కూర్చుంది.

"లేదు. సముద్రంలో ఇసిరీసినాను."

"ఆ బొమ్మలో ఆయన..."

"నా మొగుడు కాడు." కాసేపు చేపల మీద ఈగలు తోలింది. "మావోడు రెండేళ్ళు ఖరగ్‌పూరులో ఉండిపోనాడు. ఆ జాతర ఒక్కరోజే సెల్లీ. పిచ్చి. ఇప్పుడు మావోడు వచ్చీసినాడు. మీ బండి మళ్ళీ వచ్చిందని తెలిసిన కాడ్నించి నాకు నిద్దర్లేదు. ఎన్నేళ్ళయినా బొమ్మ వస్తాదన్నావు కదా."

"నన్నడిగితే నేనే ఇచ్చీసేదాన్ని."

"ఇచ్చీసేదానివేటి? మీ బావకి సెప్పకుండా ఉండేదానివేటి?"

 ఇన్నాళ్ళూ ఆమె నా చేపలు కడిగింది స్నేహంతోనా, పెట్టె చూడడానికా అన్నది అడగలేకపోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. "ఎవులికీ సెప్పనని అను."

అన్నాను. గొడుగాయన మాట ఎత్తితే ఆమె తల దించుకుంది. "నాను నోరిప్పితే మావోడు నన్ను సంపేస్తాడు," అంది. ఆ రోజు చేపలు ఇవ్వకుండానే వెళ్ళింది. మూడో రోజున మేము కోటబొమ్మాళి వెళ్ళిపోయాం.

మరుసటి ఏడు నౌపడ వద్దన్నాడు బావ. నేనే పట్టుబట్టాను. వ్యాను ఆగగానే అడిగి అడిగి గొడుగాయన ఇల్లు కనుక్కుని ఒక్కదాన్నే వెళ్ళాను. ఆయన భార్య అరుగు మీద, కాళ్ళకి దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఆయన నన్ను గుర్తు పట్టాడు గానీ రమ్మనలేదు.

"బాబూ, మీరు ఏదీ తియ్యలేదు. అది నాకు తెలుసు," అన్నాను నిలబడే.

"ఎప్పుడు తెలిసిందమ్మా?"

"ఆ రాత్రే."

ఆయన భార్య నన్ను ఎగాదిగా చూసింది. "యాడాది!" అంది. "ఆ ఒక్క మాట సెప్పడానికి యాడాది పట్టిందా? కొఠారులో ఈయన ఇంటికెళ్తంటే సంచి ఇప్పి సూసి పంపినారు, తెలుసా నీకు? రిటైరైన రోజు కూడా సూసినారు."

నేను ఏడుస్తూ చేతులు జోడించాను. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

"నా ఇంటికొచ్చి సెప్తే ఏటి లాభం? బజార్లో అన్నారు. బజార్లోనే సెప్పండి."

వెనక్కి వచ్చి బావకి చెప్పాను. ఆ రోజు తాళం వేయలేదని, అబద్ధమాడానని, గొడుగాయన్ని నేను చూడనే లేదని. బావ ముఖం ఎర్రబడింది.

"మరెవులు?"

"అది సెప్పను. మాటిచ్చినాను."

"నాక్కూడా సెప్పవా?"

"నీకు కూడా."

అతను చాలాసేపు నా ముఖం చూశాడు. సంతల్లో కొత్తవాళ్ళని చూసే చూపు అది. నా మీద పడడం అదే మొదటిసారి. తర్వాత చొక్కా వేసుకుని ఆయన ఇంటికి వెళ్ళి, వెంటబెట్టుకుని టీ కొట్టుకి తీసుకొచ్చాడు. కొఠారు వదిలే వేళ దాకా ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. జనం చేరాక బావ లేచాడు.

"ఆ రోజు మా బండికి తాళం ఎయ్యలేదు. ఈయన మా బండిలోకి రాలేదు. అందరి ముందూ సంచి బోర్లించినాను, అది నా తప్పు. అందరి ముందే సెప్తన్నాను."

అందరూ నమ్మారని చెప్పలేను. "మరి తీసినోడెవుడు?" అని ఒకడు అడుగుతూనే ఉన్నాడు. బావ రెండు టీలకి డబ్బులు ఇచ్చాడు. గొడుగాయన టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి పెట్టి, బావకి నమస్కారం పెట్టకుండా వెళ్ళిపోయాడు. ఎందుకు పెట్టాలి?

ఆమె ఆ ఏడు మా వ్యాను దగ్గరికి రాలేదు. ఒకసారి రైలు పట్టాల అవతల తట్టతో వెళ్తూ కనిపించింది. నేను పిలవలేదు.

ఆ సీజను అయ్యేదాకా తాళపు చెవులు బావ మొలతాడుకే ఉన్నాయి. నేను అడగలేదు. నీళ్ళకి వెళ్తుంటే అతనే వచ్చి తలుపు వేసి, రెండు తాళాలూ లాగి చూసి, అప్పుడు నాకు బిందె అందించేవాడు.