రెండొందల డెబ్భై అయిదు డబ్బాలు

కైకలూరు వైపు నుంచి పడవలో ఆ లంక చేరేసరికి ఉదయం ఆరు పది. రెండు వేల అయిదో ఆరో అని అడక్కండి, వరద ఏడాది. వాన వెలిసింది. గాలి తూర్పు నుంచి. చేపల చెరువుల గట్లన్నీ తెగిపోయి కొల్లేరంతా ఒకటే నీరు. మిగిలిన మెరక మీద ఒక పాత మిషన్ బడి, ఒక చర్చి, నాలుగొందల మంది జనం.

నేను మిలిటరీ నర్సింగ్‌లో కెప్టెన్ని. మా తాడేపల్లిగూడెంలో ఎవరు కలిసినా జమ్మూ కబుర్లు చెప్పమంటారు. మంచు, తుపాకులు, అవీ. చెప్పాల్సింది జమ్మూ కాదు. మన ఇంటి నుంచి మూడు గంటల దూరంలో, తుపాకీ లేకుండా నేను చేసిన పని.

నాతో దిగినవాళ్లు ఆరుగురు. అందులో ఇద్దరు గుర్తుంటే చాలు: నీళ్ల బాధ్యత చూసే శ్రీకాకుళం హవల్దారు, వైర్‌లెస్ ఆపరేటర్. సామాను: సెలైన్ సీసాలు ఇరవై నాలుగు, బ్లీచింగు డబ్బా ఒకటి, నీటి పరీక్ష పెట్టె ఒకటి. ఆర్డరు: పదింటికల్లా జనానికి తాగే నీళ్లు.

బడి వాకిట్లో నేలలో కట్టిన తొట్టి ఉంది. పైకి కనిపించేది రెండడుగుల మూతి మాత్రమే. మూత రాయి మీద 1100 అని చెక్కి ఉంది. దాని పక్క అక్షరం అరిగిపోయింది. వరద నీరు లోపలికి ఊరి తొట్టి నిండుగా ఉంది.

తొమ్మిదింటికి పరీక్ష. ఆరు తెల్ల గిన్నెలు, ఒక నల్ల గిన్నె. మూడో గిన్నెలో నీలం రంగు తేలింది. అంటే 455 లీటర్లకి మూడు చెంచాల మందు. మా కార్డు మీద 455 అనే ఉంటుంది. అది పాత లెక్కలో వంద గ్యాలన్లు.

"పదకొండు మూళ్లు. ముప్పై మూడు చెంచాలు మేడమ్," అన్నాడు హవల్దారు.

"పదకొండు ఎక్కణ్ణించి వచ్చింది?"

"పదకొండొందల గ్యాలన్లు కదా మేడమ్."

"గ్యాలన్లని నీకెవరు చెప్పారు? అవి దొరలతో ఓడెక్కి వెళ్లిపోయి అరవై ఏళ్లు కావొస్తోంది. పదకొండొందల లీటర్లు. ఏడు చెంచాలు. ముప్పై మూడు వేస్తే జనం ఉమ్మేస్తారు."

అప్పుడు కలగజేసుకుంది మరియమ్మ గారు. బడిలో పిల్లలకి వంట చేసే మనిషి. అరవై దాటి ఉంటాయి.

"తొట్టి మిషన్ దొరసాని గారు కట్టించిందేనండి. మా అమ్మమ్మ ఇటికలు మోసిందంట. నిండా ఉంటే రెండొందల డెబ్భై అయిదు డబ్బాలు వస్తాయండి."

డబ్బా అంటే కిరసనాయిలు డబ్బా. కొల్లేటి లంకల్లో మంచినీళ్లు కొన్నా మోసినా దాంతోనే.

"డబ్బా అంటే ఎన్ని లీటర్లమ్మా?"

"డబ్బా అంటే డబ్బాయేనండి."

నేను నవ్వాను. "డబ్బా కొలత కాదు తల్లీ," అన్నాను. ఆవిడ కూడా నవ్వింది. "మీరు చదువుకున్నోరండి."

హవల్దారు వెదురు కర్ర తెచ్చి లోతు చూద్దామన్నాడు. టైము తొమ్మిది ముప్పై. "నాతో వాదించకు," అన్నాను. వాదనలో నన్ను గెలిచినవాడు కాలేజీలోనే లేడు. అతను ఏడు చెంచాలు కలిపాడు. అరగంట తర్వాత రంగు చూసి మందు చాలిందో లేదో తేల్చుకోవాలి. దానికి వాడే మందు సీసా వేరే, అది పడవలోనే పగిలింది. చూడలేదు.

పదింటికి మూత తీశాం. జనం దగ్గరికి రాలేదు. మిలిటరీ మందు నీళ్లంటే భయం. మరియమ్మ గారే చెంబు ముంచి అందరి ముందూ తాగింది.

"తియ్యగా ఉన్నాయర్రా! మందు వాసనే లేదు. తాగండి."

చూశావా అన్నట్టు హవల్దారు వైపు చూశాను.

ఇంటికి రెండేసి డబ్బాలు. తోడిన ప్రతి డబ్బాకీ ఆవిడ బడి గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీసేది. నాలుగు నిలువు, ఒకటి అడ్డం.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి వాంతులు, విరేచనాలతో ముగ్గురు వచ్చారు. అయిదింటికి పదకొండు మంది. సెలైన్ కోసం వరండాలో పరిగెడుతూ గోడ చూశాను. ఆగి లెక్కపెట్టాను. నూట నలభై రెండు గీతలు. తొట్టిలో ఇంకా నీళ్లున్నాయి.

డబ్బా అంటే నాలుగు గ్యాలన్లు. పద్దెనిమిది లీటర్ల పైచిలుకు. నా లెక్క నిజమైతే అరవై ఒకటో డబ్బాకి తొట్టి అడుగు కనపడాలి.

"హవల్దార్, వెదురు."

ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, నీటి చార వరకు అయిదడుగుల లోతు. అయిదు వేల లీటర్లు, అంటే పదకొండొందల గ్యాలన్లు. అతను వెదురు పక్కన పెట్టి, తొట్టిలో మిగిలిన నీళ్లకి మందు కొలవడం మొదలుపెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మూడో రోజు ఉదయానికి పందొమ్మిది మంది. సెలైన్ ఏడింటికే అయిపోయింది.

"సెలైన్ పడవ ఎక్కడ? ఓవర్."

"గాలి ఎక్కువ. రేవు దాటలేదు. ఆగండి. ఓవర్."

"ఎంతసేపు? ఓవర్."

"ఆగండి. ఓవర్."

మరియమ్మ గారు వంటగది చాప మీద పడుకుని ఉంది. కళ్లు లోతుకి పోయాయి. ఆఖరి సీసా పక్కింటి బాలింతకి పెట్టమని ముందే తన చెయ్యి వెనక్కి లాక్కుంది. చెంచాతో ఉప్పూ పంచదార నీళ్లు పోస్తున్నాను. నిలవడం లేదు.

"అమ్మగారండీ, మీరు బాధపడకండి. నీళ్లు మంచియ్యేనండి. నా ఒంటికే పడలేదు."

తప్పు నాదని నేను చెప్పలేదు. పుట్టి బుద్ధెరిగాక నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. పదకొండు ఇరవైకి పోయింది. పడవ పన్నెండు నలభైకి వచ్చింది. మిగిలిన పద్దెనిమిది మందీ బతికారు. ఈ మాట నన్ను ఓదార్చడానికి చాలామంది వాడారు. వద్దని చెప్పాను.

రిపోర్టులో అన్నీ రాశాను: ఏడు, ముప్పై మూడు, నా పేరు. ఎవరూ పిలవలేదు. ఒకటికి రెండుసార్లు రాశాను. వరదలో ఒక ముసలావిడ పోయింది, అంతే వాళ్లకి. శిక్ష వేసి ఉంటే ఎక్కడో ఒక చోట అది పూర్తయ్యేది.

పన్నెండో రోజు వెనక్కి బయల్దేరాం. ఏలూరులో బస్సెక్కి గూడెంలో దిగాను. ఇంట్లో కొత్త ఫిల్టరు, పక్కన లీటరు సీసాలు. అన్నిటి మీదా అంకెలు, పక్కన అక్షరాలు. ఎక్కడా అరగలేదు.

ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ గోడే. సున్నం పెచ్చులూడిన చోట వదిలేసి పక్కనుంచి గీసుకుంటూ వెళ్లిన తెల్ల గీతలు. నేను అరవై ఒకటి దాకా లెక్కపెడతాను. ఆవిడ ఆగదు. సుద్దముక్క గోడకి ఆనించి అరవై రెండోది గీస్తుంది.