వదిన తుడిచిన నల్లా

స్నానాలగదిలో కొత్త నల్లాను పాడుచేసింది నేనేనని ఆ రోజు చెప్పలేదు.

చార్మినార్ దగ్గర మా ఇంట్లో బోరునీళ్లే. స్నానం కాగానే వదిన నల్లాను పొడిగుడ్డతో తుడిచేది. తెల్లగా పేరుకున్నచోట వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టేది.

"నల్లాకు గూడ తల తుడుస్తున్నవా వదినా?" అనేవాణ్ణి.

"తుడువకుంటే సున్నం పడ్తది తమ్మీ. నీ లెక్క మొండిది, వదలదు."

ఒకసారి చుట్టాలొస్తున్నారని తొందరలో నేను నల్లాపై యాసిడ్ పోశాను. మెరుపు పోయి మచ్చలు పడ్డాయి.

"నీ వెనిగరే తిన్నది దాన్ని," అని అమ్మ అందరిముందు వదినను తిట్టింది. వదిన మళ్లీ గుడ్డ పట్టలేదు.

మొన్న షవర్ రంధ్రాలన్నీ సున్నంతో పూడిపోయాయి. భోజనాల దగ్గర అందరూ ఉండగా చెప్పాను:

"అమ్మా, అప్పుడు యాసిడ్ పోసింది నేను. వదినా, తప్పు నాది, మాఫ్ చెయ్యి. ఇగ నల్లా తల నేనే తుడుస్త."