జర్మనీ జలాంతర్గామికి తాటిబెల్లం బిరడాలు

నా గొంతు బొంగురు. ముప్పై ఏళ్ళు నెత్తిన గంపతో చేపలమ్మిన గొంతు ఇంకెలా ఉంటుంది? ఇక్కడ, సముద్రాల అవతల బాతెల్ అనే ఊళ్ళో, మా అమ్మాయి ఇంట్లో నేను ఫోన్ ఎత్తి హలో అంటే వీధి చివర కుక్క లేచి మొరుగుతుంది. నాకు చదువు బైబిల్లో పెద్ద అక్షరాలు కూడబలుక్కునేంత వరకే. అందుకని నేను చెబుతుంటే అమ్మాయి టైప్ చేస్తోంది. మధ్యమధ్య నవ్వి ఆపేస్తోంది కూడా. ఆపకే, రాయి.

సంగతి మా పక్కింటావిడది. ఎనభై దాటింది, నాలాగే భర్త పోయిన మనిషి. ఆవిడ తాత జర్మనీవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో మైన్లు పెట్టే జలాంతర్గామిలో పనిచేశాడట. మైన్లంటే నీళ్ళలో పెట్టే బాంబులు. ఆ రకం పడవలు అప్పుడే కొత్తగా వచ్చాయి. పద్నాలుగు మంది ఒకరినొకరు రాసుకుంటూ తిరిగేంత ఇరుకు. ఏటవాలుగా ఆరు గొట్టాలు, గొట్టానికి రెండు చొప్పున పన్నెండు మైన్లు. ఇంగ్లండు తీరం దాకా దొంగలా వెళ్ళడం, వాటిని ఒక్కొక్కటే కిందికి జారవిడవడం, వచ్చిన దారినే చల్లగా జారుకోవడం. అదే వాళ్ళ ఉద్యోగం.

మైన్ దానికి తాడుతో కట్టిన బరువుతో సహా అడుక్కి పోతుంది. దాన్ని ఆ బరువుకు పట్టి ఉంచే బిరడా నీళ్ళలో మెల్లగా కరుగుతుంది. కరిగాక మైన్ తాడు పొడవునా పైకి లేచి, నీటి కింద కాపు కాస్తుంది. ఈలోపే పడవ దూరం పోవాలి. బిరడా తొందరపడిందో, ఎవరి బాంబు వాళ్ళ కడుపుకే. అలా పోయిన పడవలూ ఉన్నాయట. "ఇంగ్లీషువాళ్ళకు భయపడింది తక్కువ, మా వెనక మేం వదిలినదానికి భయపడింది ఎక్కువ" అనేవాడట తాత.

ఈవిడ ఆ పడవకు నమూనా కట్టింది. నా చేతికి రెండింతల పొడవు, లోపల బ్యాటరీ మోటారు, చేతిలో రిమోట్. మీట నొక్కినప్పుడల్లా ఒక నల్ల బంతి తాడుతో కట్టిన ఇనప బిళ్ళతో సహా కిందికి జారుతుంది. గొట్టానికొకటి, మొత్తం ఆరు. ఏటా ఎండాకాలంలో పార్కు చెరువులో బొమ్మ పడవల పండగ చేస్తారు. మొదటి ఏడు ఆవిడ పంచదార బిళ్ళతో బిరడాలు పెట్టింది. బంతి వెంటనే లేచి సొంత పడవనే పొట్టలో పొడిచి బోర్లా వేసింది. రెండో ఏడు గట్టి చాక్లెట్టు పెట్టింది. అది సాయంత్రం దాకా కరగలేదు, జనం కుర్చీలు మడుచుకుని వెళ్ళిపోయారు. ఈసారీ తప్పితే ఇక నీళ్ళలో దింపొద్దు, బల్ల మీద పెట్టుకో అన్నారు పండగ నడిపేవాళ్ళు.

కంచె దగ్గర నిలబడి ఇదంతా చెప్పి ఆవిడ ముక్కు చీదుకుంది. అమ్మాయి తెలుగులో చెప్పింది. "మా తాత బల్ల మీద కూర్చోలేదు, నీళ్ళలోకి వెళ్ళాడు అంటోందమ్మా."

"దానికేడవడం ఎందుకే? తాటిబెల్లం ఉందని చెప్పు" అన్నాను.

ఊరి నుంచి తెచ్చుకున్న అచ్చు ఉంది నా దగ్గర, నల్లగా, రాయిలా. కత్తిపీట మీద చింతగింజంత ముక్కలు చెక్కాను. గడియారంలో సెకన్లు చూడడం నాకు రాదు. ఒక కీర్తన ఎత్తుకుని, ఎన్ని చరణాలకు కరుగుతుందో చూశాను. మెత్తటి పైముక్క ఒక చరణానికే పోయింది. నడిమి ముక్క మూడు చరణాలు నిలిచింది. పక్కింటావిడ నోరు కదుపుతూ నాతో పాటు పాడేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, పల్లవి దగ్గర మాత్రం ఇల్లు అదిరేలా అందుకునేది.

ఇక పడవ నీటిలో ఎంత మునగాలో చూడాలి. మా స్నానాలతొట్టి నింపి, సముద్రంలో తిరిగే పడవ కదా అని రెండు ప్యాకెట్ల కళ్ళుప్పు పోసి చేత్తో కలిపాను. మా ఆయన విసురువల నుంచి గుర్తుగా తెచ్చుకున్న సీసపు గుళ్ళు ఒక్కొక్కటే, బంతులు ఎక్కించిన పడవ పొట్టలో పేర్చాను. వీపు నీటికి సమంగా వచ్చింది. ముసలమ్మలిద్దరం తొట్టి అంచున కూర్చుని చప్పట్లు కొడుతుంటే అమ్మాయి వచ్చింది.

"అమ్మా! బాత్‌టబ్‌లో ఉప్పు పోశావా? ఊరగాయ పెడుతున్నావా ఏంటి?"

"సముద్రం చప్పగా ఉంటుందా మరి?"

"నాకు మీటింగ్ ఉంది. స్నానం ఎక్కడ చేయను?"

"దీన్లోనే చెయ్యి. ఒంటికి మంచిది."

పండగ రోజు చెరువు గట్టంతా జనం. గడ్డి టోపీ పెట్టుకున్న ఒకాయన ఆవిడను చూసి ఏదో అని కిసుక్కున నవ్వాడు. పిల్లలు సీతాకోకచిలుకలు పట్టే వలలాంటిది చేతిలో ఊపుతున్నాడు.

"మునిగితే తీయడానికి వల తెచ్చానంటున్నాడమ్మా."

"అది వలా? దాంట్లో కప్ప కూడా నిలవదని చెప్పు."

"నేను చెప్పను, సిగ్గు."

పడవను దింపారు. మా సీసపు గుళ్ళతో, ఆరు బంతులతో, ఆరు బెల్లం బిరడాలతో అది దర్జాగా కదిలి, కదులుతూనే కిందికి కుంగడం మొదలుపెట్టింది. వీపు పోయింది. వీపు మీద నిలబెట్టిన నడిమి గూడు సగం పోయింది. అప్పుడు తట్టింది నాకు. ఉప్పునీళ్ళలో తేలిన పడవ మంచినీళ్ళలో కుంగుతుంది! సముద్రం నుంచి గోదావరి మొగలోకి రాగానే పడవ వేలెడు దిగుతుందని మా ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. పార్కు చెరువులో ఉప్పెక్కడిది? సముద్రాన్ని నేను తొట్టిలోనే వదిలి వచ్చాను.

పక్కింటావిడ నా చేయి పట్టుకుంది, గోళ్ళు దిగాయి. నీటి పైన దుర్భిణి గొట్టంలాంటి పుల్ల ఒక్కటే మిగిలింది. టోపీ ఆయన వల పట్టుకుని గట్టు దిగుతున్నాడు.

"మీట నొక్కు! బరువు దించు!" అని అరిచాను నా చేపల గొంతుతో. ఆవిడకు తెలుగు రాదు. అయినా ఆ అరుపుకు నొక్కకుండా ఎవరుంటారు? ఒకటి జారింది. రెండోది జారింది. జారినకొద్దీ పడవ తేలికై లేచింది. మూడోదానికి గూడు, ఐదోదానికి వీపు, ఆరోదానికి మొత్తం పడవ నీళ్ళు కారుస్తూ పైకి వచ్చి ఎండలో మెరిసింది. కావాలనే ముంచి తేల్చామనుకుని జనం ఈలలు వేశారు. మేమేం కాదనలేదు.

నేను కీర్తన ఎత్తుకున్నాను. పడవ అవతలి గట్టు చేరింది. మూడో చరణం అయ్యేసరికి, వెళ్ళిన దారిలో నల్ల బంతి ఒకటి బుడుంగున లేచింది. తర్వాత ఇంకోటి. పడవ ఒక్కదానికీ తగల్లేదు. పక్కింటావిడ బంతులు లెక్కపెడుతూ గెంతుతోంది, ఆ మోకాళ్ళతో. మళ్ళీ ఏడాదీ నీళ్ళలోకే అని పండగవాళ్ళు అక్కడికక్కడే చెప్పేశారు. ఆవిడ నా రెండు బుగ్గలూ పట్టుకుని ముద్దులు పెట్టింది. మా ఆయన పోయాక నేను పొట్ట పట్టుకుని నవ్వింది ఆరోజే.

బంతులు మాత్రం ఐదే లేచాయి. ఆరోదానికి బిరడా అచ్చు అడుగు నుంచి చెక్కాను, అది మరీ గట్టి ముక్క. పోనీలే, అదే లేస్తుందని పడవను తుడుస్తూ కూర్చున్నాం. ఈలోగా టోపీ ఆయన వంతు వచ్చింది. మూడంతస్తుల తెల్ల ఓడ, కిటికీల్లో దీపాలతో సహా. అది చెరువు నడిమికి వెళ్ళి హారన్ కూడా కొట్టింది. అప్పుడు లేచింది మా ఆరో బంతి, సరిగ్గా దాని కింద. బంతి తాడు పోయి ఓడ వెనకున్న పంకాకు చుట్టుకుంది. ఓడ ఉన్నచోటే గిరగిరా తిరగడం మొదలుపెట్టింది, హారన్ కొడుతూనే.

"అమ్మా, నవ్వకు, చూస్తున్నాడు" అంది అమ్మాయి, తను కొంగు నోట్లో కుక్కుకుంటూ.

ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, టోపీ తీసి గట్టున పెట్టి, ఆ వల పట్టుకుని నీళ్ళలోకి దిగాడు.