తాతయ్యకు ఏ మోకాలు నొప్పి

మా తాతయ్య పరుపులు కుట్టేవాడు. ఇప్పటికీ కుడతాడు గానీ దబ్బనంలో దారం నేను ఎక్కించాలి. ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించడు, మంచం మీద పరుపుని అరచేత్తో నొక్కి చూస్తాడు. "పాపం, లోపలంతా గడ్డలు కట్టింది" అంటాడు దిగులుగా. చూడటానికి వెళ్లింది రోగిని అయినా సరే అదే మాట.

అలాంటి మనిషి ఈమధ్య ఒక అబద్ధం మొదలుపెట్టాడు.

అమ్మమ్మ వాళ్లక్క కొండ మీది ఊళ్లో ఉంటుంది. ఒంట్లో ఓపిక లేక కిందికి రావడం మానేసింది. ఫోన్ చేసినప్పుడల్లా "ఒక్కసారి రావే, నిన్ను చూడాలనుంది" అంటోంది. అక్కడికి చిన్న రైలు వెళ్తుంది. దారిలోని లోయలూ వంతెనలూ చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. అమ్మమ్మ మాత్రం ఆ మలుపుల్లో వాంతికొచ్చి, కళ్లు గట్టిగా మూసుకుని సంచిలో తల దూరుస్తుంది. పోయినసారి సంచి అందక, ఎదుటి సీటు ఆసామి ఒళ్లోని టోపీ అందుకుంది. ఆ సిగ్గు ఇంకా తీరలేదు. రైలు మాటెత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

కొండ సగం ఎక్కాక ఒక స్టేషనుంది. అక్కడ దిగి రాత్రికి పడుకుని, కడుపు కుదుటపడ్డాక మర్నాటి రైలెక్కవచ్చు. ఆ మాట మా అమ్మ అని చూసింది.

"నా ఒక్కదాని కోసం అందరూ ఆగుతూ ఆగుతూ వెళ్లాలా? నేనేమన్నా పసిపిల్లనా? నేను రాను" అని అమ్మమ్మ తెగేసి చెప్పింది.

మర్నాడు పొద్దున తాతయ్య కుంటుకుంటూ వచ్చాడు.

"ఏమైందండీ?" అంది అమ్మమ్మ.

"మోకాలే. ఎక్కువసేపు మడిచి కూర్చోలేకపోతున్నా. ఆ రైల్లో వెళ్తే మాత్రం నేను మధ్యలో దిగి కాళ్లు చాపుకోవాల్సిందే."

"ఎవరు వెళ్తున్నారు రైల్లో?"

"వెళ్తే అంటున్నా."

ఆ మధ్యాహ్నం తన దుకాణంలోంచి ఆ సగందారి స్టేషను పక్కనున్న బస వాళ్లకు ఫోన్ చేశాడు. గది కిటికీలోంచి జలపాతం కనిపిస్తుందని అవతలి మనిషి మురిపెంగా చెబుతున్నాడు.

"నీళ్ల సంగతి తర్వాత. పరుపు దూదా, స్పాంజా?" అన్నాడు తాతయ్య. "మా ఆవిడ ఎడమవైపు తిరిగి పడుకుంటుంది. అటు గుంట ఉండకూడదు బాబూ. గది మెట్ల మీద వద్దు, కిందే ఇవ్వు. దిగగానే ఆవిడకి కళ్లు తిరుగుతుంటాయి."

ఫోన్ పెట్టేశాక అడిగాను. "తాతయ్యా, మోకాలు నీది కదా, కళ్లు తిరగడం అమ్మమ్మకెందుకు?"

"నోర్మూసుకుని దారం ఎక్కించు."

పరుపు కుట్టినంత నేర్పుగా అబద్ధం ఆడటం ఆయనకు రాదు. పొద్దున కుడికాలు కుంటేవాడు, సాయంత్రానికి ఎడమకాలు.

"పొద్దున కుడిది కదా?" అని చెవిలో ఊదాను.

"నొప్పి తిరుగుతుందే. నా వయసొస్తే తెలుస్తుంది" అన్నాడు.

అమ్మమ్మ రోజూ నూనె వేడిచేసి తెచ్చేది. ఆయన ఏ కాలు చాపితే ఆ కాలికి మర్దనా చేసేది. నాకేమో భయం. నాటకమని తెలిస్తే ఆవిడ ఇక గడప దాటదు. కొండ మీద ఆ అక్క ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

ఒకరోజు ఆ అక్క మళ్లీ ఫోన్ చేసింది. "వద్దామనే ఉందక్కా" అంది అమ్మమ్మ. "కానీ ఈయనకి మోకాలు పట్టేసింది. కదల్లేరు. ఇప్పట్లో కుదరదు."

నేల మీద కూర్చుని కుట్టుకుంటున్న తాతయ్య చటుక్కున లేచాడు.

"ఎవరు కదల్లేరు? చూడు" అని గుంజీలు తీశాడు. ఒకటి కాదు, మూడు. నాలుగోదానికి సగంలో ఆగిపోయాడు.

కాలు బాగుంటే మధ్యలో దిగక్కర్లేదు. బాగోకపోతే అసలు ప్రయాణమే లేదు. లెక్కల్లో ఏనాడూ గట్టెక్కని నాకే అర్థమైందంటే ఆయనకు ఎందుకు అర్థం కాదు? మెల్లగా సగం కుట్టిన పరుపు మీద కూలబడి దాని అంచు గిల్లుతూ కూర్చున్నాడు.

"సగం నొప్పిగా ఉంది" అన్నాడు చివరికి.

అమ్మమ్మ ఆయన వంక చాలాసేపు చూసింది. ఫోన్‌లో అక్క "ఏమే, ఉన్నావా?" అంటోంది.

"ఉన్నానక్కా. వస్తున్నాం. నేరుగా మాత్రం రాలేం. దారిలో ఈయన దిగి ఒక రాత్రి కాళ్లు చాపుకోవాలట. ఏం చేస్తాం, మగాళ్లకి ఓర్పు తక్కువ."

ఫోన్ పెట్టేసి, తుక్కు గుడ్డల్లోంచి చారల పరుపు గుడ్డ పీలిక ఒకటి తీసింది. ఆయన ముందు చతికిలబడి కుడి మోకాలికి గట్టిగా కట్టి ముడివేసింది.

"వెళ్లొచ్చేదాకా ఇదే నొప్పి" అంది తల ఎత్తకుండా. "మార్చకండి."

తాతయ్య బుద్ధిగా తలూపాడు. లేచి నిలబడి, కట్టు ఎటుందో ఒకసారి చూసుకుని, ఆ కాలే ఈడ్చుకుంటూ టికెట్లు తేవడానికి బయల్దేరాడు.