పూత మీద కోత

యసాకు వేళ్లు తాడు కింద చోటు వెతుకుతున్నాయి. చోటు లేదు. నైలాను తాడు కొమ్మ బెరడులోకి దిగిపోయింది, దాని మీద బెరడు రెండు వైపుల నుంచి పెరిగి మూసుకుపోయింది. బొటనవేలితో నొక్కితే లోపల మెత్తగా తగిలింది. వేలు తీసి వాసన చూశాడు. పుట్టగొడుగుల వాసన.

"ఏమండీ, బస్సుకు పదిహేను నిమిషాలే ఉంది," అంది వెనక నుంచి అతని భార్య కినుయె.

"ఊఁ."

"ఊఁ అంటే వస్తున్నట్టా, రానట్టా?"

యసాకు రెండు చేతులతో కొమ్మను కొంచెం పైకెత్తి వదిలాడు. లోపలెక్కడో సన్నగా కిర్రుమంది. ఆ కదలికకే పిడికెడు రేకులు రాలి అతని టోపీ మీద పడ్డాయి.

జపానులో నారాకు దక్షిణాన కొండల నడుమ ఒక పల్లె, అందులో చిన్న గుడి. రాత్రి బస చేసిన సత్రం నుంచి బస్టాపుకు వెళ్లే దారిలో ఉంది. వాకిట్లో ఒకే ఒక్క సాకురా, పూల కోసం పెంచే చెర్రీ చెట్టు, కొమ్మలు నేలకు వేలాడే రకం. రెండు వందల ఏళ్ల మాను. నిండుగా పూసి ఉంది. చూసి వెళ్దాం, అయిదు నిమిషాలు అని లోపలికి దారి తీసింది కినుయే. ఆ తప్పు తనదేనని తర్వాత పొరుగున ఉన్న మా ఇంట్లో చాలాసార్లు అంది.

మాది హిరోసాకి, ఉత్తరం కొస. సాకురాకు రంపం తగలకూడదని దేశమంతా నమ్ముతుంది. మేం నమ్మం. మా చుట్టూ ఆపిల్ తోటలు. ఫిబ్రవరిలో మోకాలు లోతు మంచులో నిలబడి కొమ్మలు కోయడం మా చేతులకు నడకతోపాటే వస్తుంది. ఆ చేతులతోనే మా వాళ్లు మా ఊరి కోట తోటలోని సాకురానూ కోశారు. చెట్లు చావలేదు, ఇంకా గుబురుగా పూశాయి.

యసాకు ఒక ఆపిల్ రైతు రెండో కొడుకు. ఇరవై ఆరో ఏట కోట తోటలో పనికి చేరాడు. పుస్తకాలు చదివి నేర్చుకున్నది లేదు. మొదటి ఏడాది ఒక కొమ్మను మొదలంటా కోయకుండా జానెడు మొండి వదిలేశాడు. మొండి కుళ్లింది, కుళ్లు మానులోకి దిగింది, నాలుగేళ్లకు చెట్టు పోయింది. ఎవరూ తిట్టలేదు. ఆ చెట్టును కొట్టేసే పని మాత్రం అతనికే అప్పజెప్పారు. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లలో అతను మొండి వదిలిన చెట్టు లేదు.

పూల రోజుల్లో ఊరంతా చెట్ల కింద చాపలు పరుచుకుని తాగుతూ పాడుతూ ఉంటే, వేర్లు తొక్కొద్దని జనాన్ని అదిలించడం యసాకు పని. కినుయె తన ఆడపడుచు చాప మీద ఒక మూల కూర్చునేది. యొషినో కొండ నిండా పూసే సాకురాను చూడాలని ఆమె కోరిక. కానీ అక్కడ పూసేది ఏప్రిల్ మొదట్లో. మా దగ్గర నెలాఖరుకు. ఏప్రిల్ మొదట్లో యసాకు చెట్లకు ఎరువు వేస్తుంటాడు. ముప్పై ఎనిమిది ఏప్రిళ్లు అలాగే పోయాయి. ఈ మార్చితో ఉద్యోగం అయిపోయింది. వారం తిరక్కుండానే కినుయె టికెట్లు చేత్తో పట్టుకుని నిలబడింది. జూన్‌లో ఆమెకు మోకాళ్ల ఆపరేషను. ఆ తర్వాత కొండలెక్కడం మర్చిపొమ్మని డాక్టరు ముందే చెప్పాడు.

మొదటి రోజు క్యోటో. నది గట్టు పొడవునా నడిచారు. యసాకు ఒక్కసారీ తల పైకెత్తలేదు, మానులే చూశాడు. "దీని వేళ్లకు ఊపిరి ఆడటం లేదు. ఇది ఇంకో పదేళ్లు. ఇది కష్టం." "ఆస్పత్రి వార్డులో తిరుగుతున్నట్టుంది మీతో," అంది కినుయె. రెండో రోజు యొషినో. మూడో రోజు తిరుగు బండి. రెండో రోజు రాత్రికి గాలివాన వస్తుందని రేడియోలో చెప్పారు. అంటే కొండ మీద పూలకు మిగిలింది ఈ పగలొక్కటే. ఆ పగలు తొమ్మిది గంటలకు యసాకు చెయ్యి ఈ తాడు మీద ఉంది.

చీపురు పట్టుకుని ఒక ముసలామె వచ్చింది. గుడికి పూజారి నెలకోసారి వస్తాడు, మిగతా రోజులు చూసుకునేది ఈవిడే. పేరు త్సుజి.

"ఫొటో అయితే ఇటు నుంచి తీసుకోండి, బాగా పడుతుంది."

"ఈ తాడు ఎవరు కట్టారు?" అన్నాడు యసాకు.

"మా ఆయన. తుఫానుకు కొమ్మ ఊగుతోందని పై కొమ్మకు లాగి కట్టాడు. కట్టినాయన పోయి పన్నెండేళ్లయింది. తాడు చూడండి, ఎంత గట్టిగా ఉందో."

కినుయె మొగుడి మొహం చూసింది. అతను తాడు మీది నుంచి చెయ్యి తీశాడు.

"ఈ కొమ్మ రాత్రికి విరుగుతుంది. ఊరికే విరగదు. మానులో సగం చీల్చుకుని పోతుంది. కోయాలి."

"కోయడమా? సాకురానా? అదీ పూత మీదా?" ముసలామె చీపురు నేలకు ఆనించింది. "ఏ ఊరయ్యా మీది?"

"హిరోసాకి."

"అక్కడ ఇంతేనా మనుషులు?"

"ఇంతే పెద్దమ్మా," అంది కినుయె. "ఆపిల్ కొమ్మలు కోస్తూ పెరిగిన చేతులు. చెట్టు కనిపిస్తే దురద."

త్సుజి నవ్వింది గానీ ఒప్పుకోలేదు. యసాకు ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, బొటనవేలిని తాడు పక్కన మెత్తటి చోట పెట్టి నొక్కించాడు. వేలు సగం దాకా దిగింది. ఆమె చెయ్యి లాక్కుని వేలు గుడ్డకు తుడుచుకుంది. తర్వాత పూజారికి ఫోన్ చేయడానికి లోపలికి వెళ్లింది. ఆ ఫోను అయ్యేలోగా తొమ్మిదింపావు బస్సు రోడ్డు మీద ఆగి, కదిలి వెళ్లిపోయింది.

"పదకొండూ నలభైకి ఇంకోటుంది," అన్నాడు యసాకు.

"నాకు తెలుసు. బస్సుల వేళలు రాసుకుంది నేను."

యసాకు సంచి తెరిచి తువ్వాలు చుట్ట బయటకు తీశాడు. విప్పితే మడత రంపం.

"స్నానాల తువ్వాలన్నారే!"

"తువ్వాలు కూడా ఉంది కదా."

కినుయె నవ్వబోయి మానేసింది.

పూజారి సరేనన్నాడని త్సుజి వచ్చి చెప్పింది. నిచ్చెన, మోకు గుడిలోవే. కొమ్మ మొదట్లో నిలబడి యసాకు చాలాసేపు ఏమీ చేయలేదు. ఇన్నేళ్లలో అతను కోసినదంతా మంచులో, మొగ్గ నిద్రపోతుండగా. పూసిన కొమ్మను కోయడం అతను కూడా ఎరగడు. చెట్టు ఉన్న బలమంతా పూలకు పోసేసి ఉన్న రోజులివి, ఇప్పుడు పడిన గాయం మానడం కష్టం. కోయకపోతే మానే ఉండదు. రెండు వైపులా చూసుకుని, ముందు కొమ్మను మోకుతో పై కొమ్మకు కట్టి బరువు ఆపాడు. కింది నుంచి మూడో వంతు కోశాడు. తర్వాత ఒక జాన అవతల పై నుంచి. రంపం పళ్లకు తడి పొట్టు అంటుకుంది. కొమ్మ ఒక్కసారిగా ఒరిగింది. త్సుజి కళ్లు మూసుకుంది. మోకును కొద్దికొద్దిగా వదులుతూ కొమ్మను నేలకు దించాడు. ఇరవై అడుగుల కొమ్మ, ఒక్క పువ్వూ వాడకుండా, వాకిట్లో అడ్డంగా పడుకుంది.

"కినుయె, కోతకు పూసే మందు కావాలి. కింద పెర్సిమన్ పళ్ల తోట కనిపించింది కదా. తోట ఉన్నవాళ్లింట్లో డబ్బా ఉంటుంది."

ఆమె వెళ్లింది. దిగుడు దారి, ఆ మోకాళ్లతో. తోటాయన ఇంట్లో లేడు, వచ్చేదాకా గడప మీద కూర్చుంది. డబ్బా, బ్రష్షు పట్టుకుని తిరిగొచ్చేసరికి పదకొండున్నర. యసాకు నిచ్చెన మీద మిగిలిన మొండిని మొదలంటా కోస్తున్నాడు.

"నువ్వు వెళ్లు," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "బస్సు దొరుకుతుంది. నేనిక్కడే ఉంటాను."

"ఒక్కదాన్నేనా?"

"పూలు చూడాలన్నావు కదా."

"పూలు మనూళ్లో లేవా?" కినుయె డబ్బాను నిచ్చెన పక్కన పెట్టింది. "మీరు ఏ పనీ లేకుండా నా పక్కన ఒక చెట్టు కింద కూర్చుంటే ఎలా ఉంటుందో చూద్దామని వచ్చానండీ. కొండెక్కి ఒక్కదాన్నే కూర్చోవడానికైతే మీ చెల్లెలి చాప చాలు నాకు."

రంపం ఆగింది. యసాకు నిచ్చెన మీద నుంచి కిందికి చూశాడు. ఏదో అనాలని అతనికి ఉంది. పచ్చి కోత మీద గీరుకోవాల్సిన అంచులున్నాయి. ఆకాశం పడమటి వైపు తెల్లగా ఉబ్బి ఉంది.

"ఇంకొంచెమే," అన్నాడు.

బస్సు వచ్చిన చప్పుడు వినిపించింది. తలుపు మూసుకున్న చప్పుడూ వినిపించింది. కినుయె కదల్లేదు.

పన్నెండు దాటాక ఆమె గుడి మెట్ల దగ్గర, నేల మీది కొమ్మ పక్కన కూర్చుని పొట్లాం విప్పింది. సత్రం వాళ్లు కట్టిచ్చిన భోజనం, ఆకుల్లో చుట్టిన పుల్లన్నం, మీద ఉప్పు చేప ముక్క. ఇద్దరికీ.

"ఒక్కటి తిని పోండి."

"చేతికి మందుంది."

"నోట్లో పెడతాను, చెయ్యి అక్కర్లేదు."

"వాన వచ్చేలోగా అంచు అయిపోవాలి, కినుయె."

ఆమె ఒకటి తింది. ఇంకొకటి తింది. పూలకేసే చూస్తూ తింది. మోకాలి ఎత్తులో, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా అన్ని పూలు ఆమె ఎప్పుడూ చూసి ఉండదు. అప్పటికే అంచున ఉన్నవి ముడుచుకోవడం మొదలెట్టాయి. మిగిలిన పొట్లాన్ని మళ్లీ ఆకులో చుట్టి, దారం రెండు ముళ్లు వేసి, సంచిలో పెట్టింది.

యసాకు కత్తితో కోత అంచును చుట్టూ నున్నగా చెక్కాడు, నీరు నిలవకుండా కింది వైపు కొంచెం ఎక్కువ. చెయ్యి పెట్టి తడిమి, మళ్లీ చెక్కాడు. ఎరుపు రంగు మందును బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు పూశాడు. ఒక పొర ఆరాక ఇంకొకటి. పై కొమ్మ బరువుకు వెదురు ఊతం నాటి, బెరడు ఒరుసుకుపోకుండా నడుమ పాత గోనె గుడ్డ మడతలు పెట్టి, వదులుగా కట్టాడు. కోసిన కొమ్మలో పాతుకున్న తాడు ముక్కను తవ్వి తీస్తుంటే త్సుజి దగ్గరకొచ్చింది.

"దీనివల్లేనా?" అంది నెమ్మదిగా.

యసాకు తాడుకంటిన పొట్టు దులిపాడు. "ఇది కట్టకపోతే ఎప్పుడో విరిగేది. ఆయన కట్టబట్టే ఇన్నాళ్లు పూసింది."

ముసలామె తాడు ముక్క తీసుకుని నడుముకున్న గుడ్డలో దోపుకుంది. మెట్ల మీద నుంచి కినుయె ఆ మాట విన్నది. అంత పొడుగు మాట, అంత మెత్తగా, ఆయన నోటి నుంచి వస్తుందని నాకు తెలియదు అని ఆమె తర్వాత అంది. అప్పుడు మాత్రం లేచి, తన గొడుగు తీసుకుని, సత్రం వైపు నడిచింది.

మూడు దాటింది. మొదటి చినుకు నిచ్చెన మెట్టు మీద పడింది. యసాకు నిచ్చెన దిగి దూరంగా నిలబడి చెట్టును చూశాడు. ఎడమ వైపు పెద్ద ఖాళీ, ఖాళీ అడుగున అరచేతంత ఎర్రటి గుండ్రం. వెనక్కి తిరిగితే మెట్ల మీద కినుయె లేదు, ఆమె గొడుగూ లేదు.

"ఎల్లుండి ఇంకో పొర పూయండి," అన్నాడు త్సుజితో. "ప్రతి ఏడూ చలికాలం ముందు ఒకసారి. గోనె గుడ్డ ఏటా విప్పి కొంచెం వదులు చేసి కట్టాలి, మర్చిపోవద్దు. కింద ఏ కొమ్మ ఎండినా మొండి మిగల్చకుండా మొదలంటా కోయించండి."

"మానుతుందా?"

"అయిదారేళ్లకు మూసుకుంటే మానినట్టు. మూసుకోకపోతే నేను తప్పు చేసినట్టు."

బ్రష్షును గడ్డి మీద రాసి శుభ్రం చేశాడు. డబ్బా మూత అరచేత్తో కొట్టి బిగించాడు. రెండింటినీ ఆమె చేతుల్లో పెట్టి, తల వంచి నమస్కరించి, చెట్టును ఆమెకు అప్పగించాడు.