మా వార్డుకొచ్చిన స్టారు

పోయిన వేసవిలో మా నాయన కాలికి ఆపరేషన్ జరిగింది. పరిగి నుంచి హిందూపురం తీసుకొచ్చి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్పించాం. షుగరు మనిషి కాబట్టి పుండుకు చీము పడితే కాలే తీసేయాల్సి వస్తుందని డాక్టరు ముందే హెచ్చరించారు.

ఆస్పత్రి గుమ్మంలో పెద్ద బోర్డు ఉంది. ఏ వార్డులో హ్యాండ్‌వాష్ ఎక్కువ ఖర్చయితే ఆ వారం ఆ వార్డుకు స్టారు. పోటీ పెడితే సిబ్బంది చేతులు కడుక్కుంటారని యాజమాన్యం ఆలోచన. నాకూ నచ్చింది.

శనివారం పొద్దున చూద్దును కదా, మా వార్డు నర్సు పక్క మంచం ఆయన కట్టు మార్చి వచ్చి, హ్యాండ్‌వాష్ సీసా మొత్తం సింకులో వంపేస్తోంది.

“ఏం పాపా, అట్ల పారబోస్తాండావే?” అన్నాను.

“పై వార్డోళ్లు ముందుండారక్కా. ఈ వారం స్టారు మనకే రావల్ల,” అని నవ్వి, అవే చేతులతో నాయన కట్టు విప్పబోయింది.

ఆమె చెయ్యి పట్టుకున్నాను. “ముందు చేతులు కడుక్కో.”

“హ్యాండ్‌వాష్ అయిపాయె కదక్కా,” అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బయట అంగడికి పరిగెత్తి సబ్బు తెచ్చాను. ఆమె చేతులు కడుక్కునేదాకా నాయన కాలు ముట్టనివ్వలేదు. తర్వాత మేనేజరును నిలదీస్తే, “స్టార్లు పెట్టినాక వాడకం బాగా పెరిగిందమ్మా,” అని గర్వంగా చెప్పాడు.

సాయంత్రం మా వార్డు పేరు పక్కన స్టారు అంటించి అందరూ చప్పట్లు కొట్టారు.

నాయన కాలు దక్కింది. ఆ చప్పట్లు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కొట్టిన ఆ చేతుల్లో కడిగినవి ఎన్ని?