లైటు ఆరేదాకా

"పిల్లలు పండుకున్నప్పుడు కింద అంటుకుంటే? ఆ గంట మోగకపోతే?"

నిచ్చెన మీదున్న మనిషి కిందికి చూడకుండానే జవాబిచ్చాడు. "గందుకే గదమ్మా ఎక్కిన."

అడిగింది స్రవ్య. ఛత్రినాకలో బట్టల గోదాము పైన, రెండో అంతస్తులో, సుగుణమ్మ నడిపే ప్లేస్కూల్లో ఆమె మూడేళ్ల కూతురు ఆశ్రిత ఉంటుంది. మధ్యాహ్నం రెండు గంటలు పిల్లలంతా చాపల మీద నిద్రపోతారు. స్రవ్య ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ. గుడ్డ ఎంత వేడికి అంటుకుంటుందో, పొగ మెట్ల మీదుగా ఎంత తొందరగా పైకెక్కుతుందో ఆమెకు తెలుసు. తెలియని తల్లులు టిఫిన్ డబ్బా చేతికిచ్చి హాయిగా వెళ్లిపోతారు.

నిచ్చెన మీదున్నది కృపాకర్. ఫలక్‌నుమా రైల్వే గ్యాంగ్‌మన్ కొడుకు. ఎనిమిదో తరగతి తప్పి, ఫైర్ అలారాల కంపెనీలో నిచ్చెన మోసే పనికి చేరాడు. ఇరవై ఆరేళ్లలో పాతబస్తీలో ఆయన పైకప్పు చూడని ఫంక్షన్ హాలు లేదు, నర్సింగ్ హోము లేదు. మోగే గంటల కింద నిలబడి నిలబడి ఎడమ చెవి పోయింది. ఎవరు పలకరించినా మొహం పక్కకు తిప్పి కుడి చెవి ఇస్తాడు. కొత్తవాళ్లు అది పొగరనుకుంటారు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగైదు ఎర్ర ప్లాస్టిక్ మూతలుంటాయి. గురువారం సాయంత్రం ఊదు పొగ వేసే మనిషి ఒకడు కింద దుకాణాలన్నీ తిరుగుతాడు. ఆ పొగ పైకొచ్చి గంట మోగకుండా స్కూలు ఆయా కర్రతో, పైకప్పుకున్న పొగను పసిగట్టే డిటెక్టర్లకు మూతలు తొడుగుతుంది. తీయడం ఎవరికీ గుర్తుండదు. తనిఖీకి వచ్చినప్పుడల్లా కృపాకరే తీసి జేబులో వేసుకుంటాడు.

"మూత వెట్టిన ముక్కుకు వాసన ఎట్ల తెలుస్తది సుగుణమ్మా?"

"నీకేంది నాయినా! గంట మోగితే పోరలందరు లొల్లి. సముదాయించేది నువ్వా నేనా?"

ఆ రోజు ఆయన మెయిన్ స్విచ్ ఆపేశాడు. ఫ్యాన్లు ఆగిపోయాయి. మెట్ల మీది ఎమర్జెన్సీ లైట్లు వెలిగాయి. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు.

"బటన్ నొక్కి చూసి పోరాదు? అందరు గట్లనే పోతరు," అంది సుగుణమ్మ.

"బటన్ నొక్కితే బ్యాటరీ బతికున్నదని తెలుస్తది. ఎంతసేపు బతుకుతదో తెల్వది. మూడు గంటలు వెలగాలె. కూసోని చూసుడే."

నలభై నిమిషాలకు ఒక లైటు ఆరింది. దాని బ్యాటరీ మార్చాలని కాగితం మీద రాసి, మూడు గంటలూ నిండాకే లేచాడు. అంతసేపూ పక్క మెట్టు మీద కూర్చున్న స్రవ్య ఆ రాత్రి, చాలా నెలల తర్వాత, కంటినిండా నిద్రపోయింది.

రెండు నెలలకు కృపాకర్ కంపెనీలో కొత్త నిబంధన వచ్చింది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లే ఇక పరీక్ష కాగితాల మీద సంతకం చేయాలి. నెలాఖరులోగా అది తెచ్చుకోనివాళ్లు మళ్లీ నిచ్చెన మోయాలి. ఆ సర్టిఫికెట్ ఇచ్చే శిక్షణ కేంద్రంలోనే స్రవ్య కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతోంది. ప్రాక్టికల్స్‌కు పరీక్షకురాలు కూడా ఆమే.

పరీక్ష రోజు లోపలికొచ్చి ఆమెను చూడగానే కృపాకర్ మొహం విప్పారింది. "మీరేనా మేడమ్! ఇగ నాకు ఫికర్ లేదు."

బల్ల మీద ఒక ఎమర్జెన్సీ లైటు ఉంది. దాన్ని పరీక్షించి, కాగితం మీద 'పని చేస్తుంది', 'పని చేయదు' అన్న రెండు గళ్లలో ఒకదానికి టిక్కు పెట్టాలి. సమయం పదిహేను నిమిషాలు. కృపాకర్ వంతు చివరిది. ఆయనకంటే ముందు మనీష్ వచ్చాడు. అదే కంపెనీ, కృపాకర్ దగ్గరే పని నేర్చినవాడు. బటన్ నొక్కాడు, వెలిగింది, టిక్కు పెట్టాడు. రెండు నిమిషాలు. పూర్తి మార్కులు.

కృపాకర్ కరెంటు తీసేశాడు. లైటు వెలిగింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

పదిహేను నిమిషాలు గడిచాయి. వెనక వరుసలో కిసుక్కుమన్నారు. "అన్నా, చాయ్ చెప్పాల్నా?" అన్నాడు మనీష్. కృపాకర్ ఆ వైపు కుడి చెవి తిప్పాడు. అందరూ పగలబడి నవ్వారు.

"టైమ్ అయిపోయింది. టిక్కు పెట్టండి," అంది స్రవ్య.

"ఇంక తెల్వదు మేడమ్."

"ఏదో ఒకటి పెట్టండి."

"తెల్వకుండ ఎట్ల వెడత?" ఆయన గొంతు తగ్గించాడు. "మీరు ఆ పొద్దు పక్కనే కూసున్నరు గద."

గళ్లు ఖాళీగా ఉంటే సున్నా అని నిబంధన. స్రవ్య కాంట్రాక్టు ఆ నెలలోనే పొడిగించాలి. సున్నా వేసింది. మార్కులు పంపేసింది.

అందరూ వెళ్లిపోయాక ఆమె కాగితాలు సర్దుతోంది. లైటుకు కరెంటు మళ్లీ పెట్టడం ఎవరికీ గుర్తురాలేదు. కృపాకర్ లేచి వెళ్లిన స్టూలు ముందు లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. యాభై రెండో నిమిషంలో ఆరిపోయింది. మనీష్ 'పని చేస్తుంది' అని టిక్కు పెట్టిన లైటు అదే. స్రవ్య టైము చూసుకుంది. తర్వాత ప్లగ్గు పెట్టి, గది తాళం వేసి, పాపను తెచ్చుకోవడానికి వెళ్లింది. మార్కులు మార్చలేదు. ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి తనిఖీకి ప్లేస్కూలుకు మనీష్ వచ్చాడు. నిచ్చెన పట్టుకుని వెనక కృపాకర్. పిల్లలు పడుకునే గదిలో డిటెక్టర్‌కు ఎర్ర మూత అలాగే ఉంది.

"మనీష్, ఆ మూత..."

"సంతకం నాది గద అన్నా, నీకెందుకు? నిచ్చెన సక్కగ వట్టు. పడ్డనంటే మీ యేసు వచ్చి లేపుతడా?"

కృపాకర్ తల దించుకుని నిచ్చెన పట్టాడు. పని పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. తలుపు మీద పచ్చ స్టిక్కర్ అంటించారు. "గిట్ల ఉండాలె పని!" అంటూ సుగుణమ్మ మనీష్‌కు చాయ్ ఇచ్చింది. కృపాకర్‌కు ఇవ్వలేదు.

అదంతా గుమ్మంలో నిలబడి చూసిన స్రవ్య మెట్ల దగ్గర ఆయనకు అడ్డు నిలిచింది. "అన్నా, పరీక్ష నాడు మీ లైటు యాభై రెండు నిమిషాలకే ఆరిపోయింది. నేను చూసిన."

ఆయన కుడి చెవి తిప్పి విన్నాడు. ఎడమ చేత్తో నిచ్చెనను గోడకు ఆనించాడు. "చూసిన్రా? మరి ఎవరికన్న చెప్పిన్రా?"

స్రవ్య తలుపు మీది పచ్చ స్టిక్కర్ వైపు చూపు తిప్పుకుంది.

"గట్లనా," అన్నాడు.

అప్పుడైనా ఆమె క్షమాపణ అడగలేదు. ఆమె నోట వచ్చింది వేరే మాట. "మా పాప పండుకునేది ఆ గదిలనే. ఏం చేయాలె అన్నా?"

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. "నన్నడుగుతున్నరా మేడమ్? నాకు సర్టిఫికెట్ లేదు గద. మీరే ఇయ్యలె." నిచ్చెన భుజానికెత్తుకుని నాలుగు మెట్లు దిగాడు. లోపల ఆశ్రిత నిద్రలో దగ్గింది. ఆయనకు వినబడిందో లేదో తెలియదు. కానీ ఆగాడు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం పొద్దున స్రవ్య కర్రతో మూతలు తీస్తుంది. ప్రతి నెలా మొదటి శనివారం మెయిన్ ఆపి, సుగుణమ్మ సణుగుడు వింటూ, మెట్టు మీద మూడు గంటలు కూర్చుంటుంది. పక్క మెట్టు ఖాళీగా ఉంటుంది. ఆ రోజు కృపాకర్ వెనక్కి తిరగకుండానే చెప్పి దిగిపోయిన మాటలివి:

"స్టిక్కర్ సదువకుండ్రి. ముందుగాల మూత తియ్యుండ్రి. కరెంటు బంద్ చేసి మీరే కూసోండ్రి. మూడు గంటలన్న నిండాలె, లైటన్న ఆరాలె. అప్పటిదాంక ఎవ్వలు నవ్వినా లేవకుండ్రి."